ఆసుపత్రిలో దారి చూపే మాట

ఇచ్ఛాపురం నుండి విశాఖపట్నం చేరినంతమాత్రాన రోగి ప్రయాణం ముగిసినట్లు కాదు. 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి నేడు కొండవాలున అనేక భవనాలుగా విస్తరించి ఉన్నది. ఇట్టి పెద్దాసుపత్రులలో ఓ.పి. చీటి ఒకచోట, వైద్యుని గది మరొకచోట, రక్తపరీక్ష వేరొకచోట. ఫలితం చేతికి వచ్చిన తరువాత మరల మొదటి వైద్యునికే చూపవలెను. ఈ చివరి మెట్టు తెలియక ఇంటిముఖం పట్టినవారికి ఆ దినపు కూలీ, దారిఖర్చూ పోగా రోగం మాత్రం మిగులుతుంది.

గోడలపై పలకలు లేవా? ఉన్నవి. కాని ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధితో బాధపడే కొబ్బరితోట కూలీకి ‘నెఫ్రాలజీ’ అనే పలక ఏమి చెప్పగలదు? లిపి తెలుగే, మాట తెలుగు కాదు. సీతంపేట కొండలనుండి దిగివచ్చిన సవర తల్లికి తెలుగు మాటయే పరాయిది కావచ్చును.

ఈ చిక్కును ఈ సీమవాడే ఏనాడో గుర్తించినాడు. శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు, సవరలకు చదువు చెప్పదలచి, ముందు తానే సవరభాష నేర్చుకొన్నాడు. ఆయన కూర్చిన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. ఎదుటివాని మాటలోనికి మనమే నడచి వెళ్లవలెనన్నది ఆయన ఆచరించి చూపిన పాఠం.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలుత ప్రవేశించిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పేదరోగికి ఎదురేగి, కాగితాలు చూచి, తగిన విభాగానికి చేర్చే ఆరోగ్యమిత్రలను ఆ పథకమే నియమించినది. ప్రభుత్వాలతోపాటు పథకం పేరు మారినది. ఆ పని అవసరం మారలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల రోగులకై 200 పడకల ఆసుపత్రి ప్రారంభమై దూరాన్ని తగ్గించినది. అయినను గుమ్మం దాటిన పిమ్మట దారి చెప్పే మనిషి కావలసినదే.

ఉపాధ్యాయులు ఇందుకు తోడ్పడగలరు. ఓ.పి. చీటిలో విభాగం పేరు, వైద్యుడు చూచే దినం, మరల రావలసిన తేదీ చదువుట తరగతిలో ఒక పాఠం కావచ్చును. ‘నెఫ్రాలజీ అంటే మూత్రపిండాల విభాగం, తాతా!’ అని చెప్పగలిగిన పిల్లవాడు ఇంట నున్ననాడు, ఆ యింటి రోగి సగం దారి నడచినట్లే.