ఎస్‌ఎల్‌ఆర్‌లో గ్యాస్ పక్కకు మళ్లితే తూటా వేగం తగ్గుతుందా? అసలు లెక్క ఇదీ!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనానికి తుపాకుల పేర్లు కొత్తేమీ కాదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్‌కౌంటర్ వార్త వచ్చినా, లొంగుబాటు వార్త వచ్చినా చివర్లో ఒక జాబితా ఉండేది. త్రీనాట్‌త్రీ, ఎస్‌ఎల్‌ఆర్, ఏకే-47, ఇన్సాస్.

ఇందులో ఎస్‌ఎల్‌ఆర్ అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. పేలిన తూటా గ్యాస్‌తోనే తర్వాతి తూటాను లోడ్ చేసుకుంటుంది. మరి తూటాను తోయాల్సిన గ్యాస్‌లో కొంత పక్కకు పోతే తూటా వేగం తగ్గాలి కదా? చాలామందికి వచ్చే డౌటే ఇది. సమాధానం: తగ్గుతుంది, కానీ లెక్కలోకి రానంత తక్కువ.

లోపల ఏం జరుగుతుంది?

ట్రిగ్గర్ నొక్కగానే తూటా వెనకున్న మందు మండి, విపరీతమైన ఒత్తిడితో గ్యాస్ పుడుతుంది. ఆ ఒత్తిడి గరిష్ఠ స్థాయికి చేరేది బ్యారెల్‌లో మొదటి కొన్ని సెంటీమీటర్లలోనే. అక్కడి నుంచి తూటా వేగం అందుకుంటుంది.

ఎస్‌ఎల్‌ఆర్ బ్యారెల్ పొడవు దాదాపు 53 సెంటీమీటర్లు. అందులో సగం దాటాక పైభాగంలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. తూటా దాన్ని దాటిన తర్వాతే కొంత గ్యాస్ అందులోకి వెళ్లి పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. అప్పటికే తూటా తన వేగంలో ఎక్కువ భాగం అందుకుని ఉంటుంది. అక్కడి నుంచి బ్యారెల్ చివరికి వెళ్లడానికి పట్టే టైమ్ ఎంతో తెలుసా? సెకనును మూడు వేల భాగాలు చేస్తే, అటుఇటుగా అందులో ఒక భాగం. అంత తక్కువ టైమ్‌లో ఆ చిన్న రంధ్రం గుండా పోయే గ్యాస్ ఎంత? ఒకే పెట్టెలోని రెండు తూటాల వేగంలో సహజంగా ఉండే తేడా ముందు ఈ నష్టం కనిపించదు.

ఎస్‌ఎల్‌ఆర్‌కు గ్యాస్ రెగ్యులేటర్ కూడా ఉంటుంది. మసి, దుమ్ము పట్టి రైఫిల్ మొరాయిస్తే పిస్టన్‌కు వెళ్లే గ్యాస్ పెంచడానికి దాన్ని వాడతారు. అది తిప్పితే మారేది పిస్టన్ మీద పడే దెబ్బ. తూటా వేగం కాదు.

మరి వేగాన్ని మార్చేది ఏది?

మూడు తుపాకులను పక్కపక్కన పెట్టి చూడండి. త్రీనాట్‌త్రీకి గ్యాస్ సిస్టమే లేదు. బోల్ట్‌ను చేత్తో లాగాలి. దాని తూటా వేగం సెకనుకు సుమారు 745 మీటర్లు. గ్యాస్ వాడుకునే ఎస్‌ఎల్‌ఆర్‌ది సుమారు 840. అదే గ్యాస్ సూత్రంతో పనిచేసే ఏకే-47ది సుమారు 715.

గ్యాసే కారణమైతే త్రీనాట్‌త్రీయే ముందుండాలి కదా? లేదు. ఎస్‌ఎల్‌ఆర్, ఏకే రెండూ 7.62 మిల్లీమీటర్ల తుపాకులే. కానీ ఎస్‌ఎల్‌ఆర్ షెల్ పొడవు 51 మిల్లీమీటర్లు, ఏకేది 39. పెద్ద షెల్‌లో మందు ఎక్కువ. పైగా ఎస్‌ఎల్‌ఆర్ బ్యారెల్ కూడా పొడవే. అంటే వేగాన్ని నిర్ణయించేది మందు, తూటా బరువు, బ్యారెల్ పొడవు. మే నెలలో జగిత్యాల ఎండకు మందు వేడెక్కినా వేగం కాస్త పెరుగుతుంది.

గ్యాస్ నిజంగా మార్చింది ఏమిటంటే..

తూటాకూ తూటాకూ మధ్య టైమ్‌ను. త్రీనాట్‌త్రీలో ప్రతి తూటా తర్వాత చెయ్యి బోల్ట్ మీదకు వెళ్లాలి. మ్యాగజైన్‌లో 10 తూటాలు. ఎస్‌ఎల్‌ఆర్‌లో 20. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలుతుంది, మరొకటి తనంతట తానే చాంబర్‌లోకి చేరుతుంది. కాల్పుల మధ్య చిక్కుకున్న మనిషికి తూటా వంద మీటర్లు వేగంగా వచ్చిందా, నెమ్మదిగా వచ్చిందా అన్నది పెద్ద తేడా కాదు. నేల మీద పడుకునే టైమ్ దొరికిందా లేదా అన్నదే తేడా.

ఇంకో సంగతి. ఎస్‌ఎల్‌ఆర్ ప్రతి ఖాళీ షెల్‌ను వెంటనే బయటకు విసిరేస్తుంది. దాని మీద పడే గుర్తులను బట్టి అది ఏ తుపాకీలో పేలిందో ఫోరెన్సిక్ నిపుణులు పోల్చి చూస్తారు. అందుకే ఘటనా స్థలంలో దొరికే షెల్స్‌కు అంత విలువ.

ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి

అడవిలోనో, పాత ఇంట్లోనో ఆయుధాల డంప్ కనిపిస్తే ముట్టుకోవద్దు. మ్యాగజైన్ తీసేస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. తనంతట తానే లోడ్ చేసుకునే తుపాకీ కాబట్టి చాంబర్‌లో ఇంకో తూటా ఉండొచ్చు. దూరంగా జరిగి, 100కు ఫోన్ చేయండి.