బొడిపె తల చేపకు తాతలెవరు?

పట్నంలో అక్వేరియం దుకాణానికి వెళ్లినప్పుడు చూసే ఉంటారు. అద్దాల తొట్టిలో ఒక్కటే తిరుగుతుంటుంది, నుదుటిమీద నిమ్మకాయంత బొడిపె, ఒంటిమీద నల్లమచ్చల వరుస. దాని పేరు ఫ్లవర్‌హార్న్. ధర వినగానే 'ఓ జత తెచ్చి, దొడ్లో నాలుగు సిమెంటు తొట్లు కట్టి పిల్లలు తీస్తే పోలా' అనిపిస్తుంది. డబ్బు తీసే ముందు ఒక్కమాట అడగండి. దీని తల్లిదండ్రులెవరు?

అమ్మేవాడు చెప్పలేడు. అది అతని తప్పూ కాదు. 1990 దశకం చివర్లో మలేషియా పెంపకందారులు మధ్య అమెరికా జాతులను కలిపి తీసిన సంకరమిది. మన చెరువుల్లోని తిలాపియా, కేరళవాళ్ల కరిమీను కూడా ఇదే సిక్లిడ్ కుటుంబానివి. రెడ్ డెవిల్, మిడాస్, ట్రైమాక్ అనే చేపలు దీంట్లో కలిశాయంటారు. ఏది ఎంతపాలు అన్నది తీసినవాళ్లు వ్యాపార రహస్యంగానే ఉంచుకున్నారు. తరువాతివాళ్లు అందులో మరికొన్ని కలిపారు. తైవాన్ నుంచి వచ్చిన బ్లడ్ ప్యారట్ కూడా అందులో ఉంది. అదే ఒక సంకరం. దాని నోరు సరిగ్గా మూతపడదు, మగవి చాలావరకు గొడ్డువి.

ప్రయోగశాలలో తేల్చవచ్చు కదా అంటారు. తల్లి నుంచి మాత్రమే వచ్చే డి.ఎన్.ఎ. ఒకటుంది, అది తల్లి వరసనే చెబుతుంది. తండ్రి సంగతికి వేరే పరీక్షలు కావాలి. పైగా మిడాస్, రెడ్ డెవిల్ మరీ దగ్గరి చుట్టాలు, వాటిని విడదీయడమే కష్టం.

మనకిదేమీ కొత్త కాదు. హైబ్రిడ్ మొక్కజొన్న కండె నుంచి గింజ దాచి విత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. హేచరీలో బొచ్చె, శీలావతి ఒకే తొట్టిలో గుడ్లు పెడితే రెంటికీ చెందని పిల్లలొస్తాయి. ఇదీ అంతే. ఒక్క ఈతకు వందల పిల్లలు రావచ్చు, కానీ తల్లిదండ్రుల్లా బొడిపె, రంగు వచ్చేవి కొన్నే. ఏది నిలుస్తుందో తెలియడానికి నెలలు మేపాలి. చిన్నప్పటి రంగు మధ్యలో వెలిసిపోయి మళ్లీ వస్తుంది, కొన్నింటికి రానే రాదు. మేత ఖర్చు మాత్రం అన్నింటికీ ఒకటే! పెద్దవాటిని కలిపి ఉంచితే పోట్లాట. జత కుదిరే వరకు మధ్యలో అద్దం పెట్టకపోతే మగది ఆడదాన్ని చంపేసినా చంపేస్తుంది.

అయినా చేస్తామంటే, తల్లిదండ్రులను ఒక్కసారి చూసి ఊరుకోకండి. వాటి ముందు ఈత పిల్లలు పెరిగి ఎలా తేలాయో చూపించమనండి. చూపించలేనివాడికి జత ధర ఇవ్వకండి, మామూలు పెంపుడు చేప ధరే ఇవ్వండి. మీరు అమ్మేటప్పుడు కూడా ఏ జతకు పుట్టిన పిల్లలో పుస్తకంలో రాసుకోండి.

ఇంకో సంగతి. మిగిలినవాటిని కాలవలోనో చెరువులోనో వదలొద్దు. ఇవి చిన్న చేపలను మింగే రకం. మలేషియా, సింగపూర్‌లలో మోజు తగ్గాక జనం వదిలేసిన ఫ్లవర్‌హార్న్‌లు అక్కడి జలాశయాల్లో సంతతి పెట్టుకుని స్థిరపడిపోయాయి.