కలిసిన కాగితము, విడిపోయిన కాగితము

మన పెద్దలు ఒకే నోటితో రెండు మాటలు చెప్పినారు. కలిసి ఉంటే కలదు సుఖము అన్నారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినది అనియు అన్నారు. ఏది నిజమని అడిగితే రెండును నిజమే. ఒకే కంచమున తిన్న అన్నదమ్ములు పంపకాల నాడు రుబ్బురోలు కొరకు తగవు పడుట మనము చూడనిది కాదు. రాష్ట్రములకును, దేశములకును ఇదే గతి. అయితే ఇంటి పంపకములో పెద్దమనుషులు అరుగు మీద కూర్చుండి లెక్క తేల్చుదురు. రాజ్యముల పంపకములో ఆ లెక్క బహిరంగ సభలలో, పత్రికలలో, బస్సుల మీది రాతలలో తేలవలసి వచ్చును. చిక్కు అక్కడనే మొదలగును.

ఈ చిక్కును గురించి ఆలోచించుటకు ఇస్నాపూర్ చౌరస్తా కంటె తగిన చోటు అరుదు. హైదరాబాదు నుండి పటాన్‌చెరువు దాటి సంగారెడ్డి వైపు పోవు బాటలో ఉన్న ఊరు ఇది. పక్కనే పాశమైలారము పారిశ్రామికవాడ. మందులు, రసాయనములు, యంత్ర భాగములు నింపుకొన్న లారీలు రాత్రింబవళ్లు ఇక్కడ మలుపు తిరుగును. ఈ బాట పుణె నుండి మచిలీపట్టణము దాక సాగు జాతీయ రహదారి. ఒకప్పుడు దీని నెంబరు 9, ఇప్పుడు 65. నెంబరు మారినట్లే దీనిమీది సరిహద్దులును మారినవి. బాట మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

నైజాము కాలములో ఈ బాట మీద కోదాడ దాటి జగ్గయ్యపేటకు పోవుట ఒక రాజ్యము విడిచి మరొక రాజ్యమునకు పోవుటయే. సరిహద్దులో సరకుకు సుంకము చెల్లింపవలెను. దానిని వసూలు చేయు శాఖకు కరోడ్‌గిరి అని పేరు. నాణెమును వేరే: ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకము. 1947లో నిజాము భారత యూనియన్‌లో చేరక, నవంబరు 29న యథాతథ ఒప్పందము వ్రాసికొన్నాడు. ఏడాదికని వ్రాసికొన్న ఆ కాగితము ఏడాది నిండకమునుపే, 1948 సెప్టెంబరులో, సైనిక చర్యతో చెల్లిపోయినది.

తరువాత 1956 నవంబరు 1 వచ్చినది. ఆనాడు తూర్పున కోదాడ అవతలి గీత చెరిగినది. అదే నాడు, అదే బాట మీద, పడమట మరొక గీత పడినది: అంతవరకు బీదరు జిల్లాలో ఉన్న జహీరాబాదు మెదకు జిల్లాకు వచ్చినది, బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. ఒక కలయిక మరొక విడిపోవుటతో కూడి వచ్చునని ఈ బాటకు తెలిసినంతగా మనకు తెలియదు. ఆ తూర్పు గీతయే తరువాత ఆరు దశాబ్దములు మనలను వాదింపజేసినది.

కలిసిన నాటి కాగితమును ఒకసారి విప్పి చూడవలెను. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్ర పునర్విభజన సంఘము 1955లో హైదరాబాదు రాష్ట్రము తత్కాలము విడిగా ఉండుటయే మేలని, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకొన్నచో విలీనము కావచ్చునని చెప్పినది. అంతదాక ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొన్నారు. బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి ఒకవైపు. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న మరొకవైపు ఉన్నవారిలో కొందరు. తెలంగాణ ఆదాయములో మిగులు తెలంగాణకే ఖర్చు కావలెను. కొలువులలో స్థానికులకు రక్షణ ఉండవలెను. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెను. మాటలు మంచివే. అయితే వాటిని తప్పినచో ఎవరి ముందు మొర పెట్టుకోవలెనో ఆ కాగితములో లేదు. తొలి మంత్రివర్గములోనే ఉపముఖ్యమంత్రి లేకపోయినాడు.

1969 నాటి ఉద్యమమునకు మూలము ఈ ఖాళీయే. కొత్తగూడెము విద్యుత్ కేంద్రపు కొలువుల నుండి రగిలిన అసంతృప్తి విద్యార్థులను వీధికి తెచ్చినది. మిగులు ఎంత అని అడిగినప్పుడు లలిత్ కుమార్ సంఘము 34.10 కోట్ల రూపాయలన్నది. తరువాత వచ్చిన న్యాయమూర్తి భార్గవ సంఘము 28.34 కోట్లన్నది. ఖాతా ఒకటే, మొత్తములు రెండు. అయినను రెండింటిలోను మిగులు ఉన్నదనుట మాత్రము ఒకటే. ఇక 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగానే అదే విడిపోవు వాదము అవతలి ఒడ్డున జై ఆంధ్ర యను పేరుతో లేచినది. వాదమునకు ఊరు లేదు. ఏ ప్రాంతమువాడు నష్టపోయినాననుకొనునో ఆ ప్రాంతమునకు అది వలస పోవును.

ఈ తీరు మనకే ప్రత్యేకమైనది కాదు. 1973 జనవరి 1న ఐరోపా ఆర్థిక సమాజములో చేరిన బ్రిటన్, 1975లో ప్రజలనడిగినప్పుడు నూటికి 67 మంది మాటతో ఉండిపోయినది. 2016 జూన్ 23న మరల అడిగినప్పుడు నూటికి 51.9 మంది పోవుదమన్నారు, 48.1 మంది ఉందమన్నారు. పోవుదమన్నవారు వారమునకు 35 కోట్ల పౌండ్లు ఐరోపాకు పోవుచున్నవని ఒక ఎర్ర బస్సు మీద వ్రాసికొని దేశమంతయు తిరిగినారు. బ్రిటన్‌కు తిరిగి వచ్చు రాయితీని అందులో తీసివేయలేదు. ఉందమన్న ప్రభుత్వము విడిపోయినచో కాలక్రమమున ఇంటింటికి ఏటా 4,300 పౌండ్ల నష్టమని మరొక అంకె చూపినది. ఇక్కడ మిగులు, అక్కడ చందా. భాష మారినది గాని తగవు మారలేదు.

ఒక తేడా మాత్రము గమనింపదగినది. మన 1956 కాగితమునకు తీర్పరి లేడనుట తెలంగాణ మొర. ఐరోపా కాగితమునకు తీర్పరి మరీ బలవంతుడనుట బ్రిటన్ మొర. తమ పార్లమెంటు పైన మరొక న్యాయస్థానమా అని వారు అడిగినారు. తీర్పరి లేనిచో బలహీనుడు వెళ్లిపోవుదుననును. తీర్పరి ఉన్నచో బలవంతుడు వెళ్లిపోవుదుననును. ఇంకొక తేడా: అక్కడ పోవువాడే పోవుటను నిశ్చయించుకొన్నాడు. ఇక్కడ రాజ్యాంగపు 3వ అధికరణము ఆ అధికారమును పార్లమెంటుకు ఇచ్చినది. శాసనసభది అభిప్రాయము మాత్రమే.

2009 డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటన తరువాత మన వాదము మరల రాజుకొన్నది. 2010 చివర శ్రీకృష్ణ సంఘము ఆరు మార్గములు చూపి, చట్టబద్ధమైన తెలంగాణ ప్రాంతీయ మండలితో సమైక్యముగా ఉండుటయే మేలన్నది. అనగా 1956లో నోటిమాటగా ఇచ్చినదానిని ఇప్పుడు చట్టము చేయుడనుట. అప్పటికి ఆలస్యమైనది. వాదము సభలలో ఆగలేదు. 1969లో తుపాకి గుండ్లకు, 2009 తరువాత ఆత్మబలిదానములకు యువకులు పోయినారు. ఏ అంకెయు ఆ లెక్కను తీర్చలేదు. కడకు 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించినది. పెద్దమనుషుల ఒప్పందము కుదిరినదియు ఫిబ్రవరి 20ననే; నడుమ 58 ఏండ్లు.

విడిపోవుటతో ఒప్పందముల పని ముగియలేదు, పెరిగినది. జనాభా పాలు తీసికొన్నచోట ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68. కరెంటును వాడకము పాలున పంచినచోట తెలంగాణకు 53.89, ఆంధ్రప్రదేశ్‌కు 46.11. ఏ వస్తువునకు ఏ పాలు అనుటలోనే తగవంతయు ఇమిడి ఉన్నది. విడిపోయినచో తెలంగాణ చీకటిపాలగునని కొందరు భయపెట్టినారు. ఆ చీకటి రాలేదు. విడిపోయిన మరునాడే కొలువులు కురియునని కొందరు ఆశపెట్టినారు; ఆ వానయు ఆశించినంత కురియలేదు. రాజధాని ఆదాయము పోవునని ఆంధ్రప్రాంతము పడిన దిగులు మాత్రము వట్టి మాట కాలేదు.

ఇస్నాపూర్ లారీకి ఈ చరిత్ర కాగితముల రూపముననే తెలిసినది. 2014 జూన్ 1న పాశమైలారము నుండి విజయవాడకు సరకు అమ్ముట ఒకే రాష్ట్రములోని అమ్మకము. విలువ ఆధారిత పన్ను సరిపోయినది. జూన్ 2న అదే సరకు, అదే లారీ, అదే బాట; కాని అది అంతర్రాష్ట్ర అమ్మకమైనది. కేంద్ర అమ్మకపు పన్ను, సి-ఫారము వచ్చినవి. కోదాడ అవతల కరోడ్‌గిరి గీత మరల మేల్కొన్నట్లయినది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను రాగానే వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రములు తొలగినవి. రాజకీయముగా గీత నిలిచినది. వర్తకములో అది పలచబడినది. బ్రిటన్‌కు ఈ సౌకర్యము లేకపోయినది. 2020 జనవరి 31న వెలుపలికి వచ్చి, డిసెంబరు 24న గాని కొత్త వర్తక ఒప్పందము కుదుర్చుకొనలేదు. ఐర్లండు నేల మీద నాకా పెట్టుటకు వీలులేక, తన దేశములోని రెండు భాగముల నడుమ సముద్రము మీదనే సరకుల తనిఖీ పెట్టుకొన్నది. మనకు పైన ఒక పెద్ద యూనియన్ మిగిలి ఉన్నది. వారు ఆ పెద్ద యూనియన్ నుండియే లేచిపోయినారు.

నేడు ఇస్నాపూర్ అద్దె గదులలో ఒడిశావారు, బిహారువారు, ఉత్తరప్రదేశ్‌వారు ఉన్నారు. 1969లో ఎవని కొలువు ఎవనికని అడిగిన ప్రశ్న ఇప్పుడు వేరు మనుషులను వెదకుచున్నది. రేపు ఎవరైనను వేరుపడుదమని గాని, కలిసియుందమని గాని సభ పెట్టినచో మనము అడుగవలసినది ఒక్కటే: అయ్యా, మరునాడు మీరు సంతకము పెట్టబోవు కాగితమేది? అందులో లెక్క ఎవరు చూచెదరు? మాట తప్పినచో మొర ఎవరు వినెదరు? ఈ మూడింటికి జవాబున్నచో కలిసినను బ్రతుకవచ్చును, విడిపోయినను బ్రతుకవచ్చును. జవాబు లేనిచో 1956 ఫిబ్రవరి 20 మరియొకసారి వచ్చును. దాని వెనుక 1969యు వచ్చును.