చప్పుడు చేయని క్లచ్చే చివరకు చవక
బస్తర్ ఘాట్ రోడ్లపై వాహన యజమానులు గుర్తించవలసిన లెక్క

ఘాట్ రోడ్డుపై తిరిగే లారీకి క్లచ్ అరిగిపోయినప్పుడు యజమాని విడిభాగాల దుకాణంలో మొదట అడిగే ప్రశ్న ధర ఎంత అన్నది. రెండవ ప్రశ్న, పట్టు గట్టిగా ఉంటుందా అన్నది. మూడవ ప్రశ్న ఒకటి ఉన్నప్పటికీ దానిని అడిగేవారు అరుదు. కొత్తగా బిగించే క్లచ్, ఫ్లైవీల్ చప్పుడు లేకుండా పనిచేస్తాయా అన్నదే ఆ ప్రశ్న. ఖరీదైన స్పోర్ట్స్ కారు యజమానికి ఇది సౌఖ్యానికి సంబంధించిన విషయం కాగా, అప్పు వాయిదాలపై ఒకే ఒక లారీ నడుపుకునే బస్తర్ యజమానికి జీవనోపాధికి సంబంధించిన విషయం. ఎందుకంటే, క్లచ్ వద్ద వినిపించే చప్పుడు కేవలం చెవికి ఇబ్బంది కలిగించేది కాదు. ఎక్కడో ఒక చోట ఇనుము ఇనుమును కొడుతున్నదని, ఆ దెబ్బ ఖర్చు తర్వాత గేర్‌బాక్సు రూపంలో చెల్లించవలసి వస్తుందని అది చేసే హెచ్చరిక.

క్లచ్‌లకు కఠిన పరీక్ష

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం వాహనాల క్లచ్‌లకు కఠినమైన పరీక్షా కేంద్రం వంటిది. 1998లో విభజనకు ముందు 39 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో కేరళ రాష్ట్రం కన్నా పెద్దదిగా ఉండిన ఈ జిల్లా ఇప్పుడు ఏడు జిల్లాలుగా ఉన్నది. ఇది చాలా వరకు పీఠభూమి. ఎటునుండి వచ్చినా కొండ ఎక్కక తప్పదు. రాయపూర్ నుండి కాంకేర్ మీదుగా వచ్చే వాహనాలకు కేశ్‌కాల్ ఘాటీ అడ్డు వస్తుంది. స్థానికులు దీనిని ‘బారా భావర్’, అనగా పన్నెండు మలుపుల ఘాటీ అని వ్యవహరిస్తారు. నాలుగైదు కిలోమీటర్ల ఈ మార్గంలోని తేలిన్ మాత గుడి వద్ద డ్రైవర్లు బండి ఆపి మొక్కుకొని ముందుకు సాగడం ఆనవాయితీ. విశాఖ, విజయనగరం వైపు నుండి వచ్చే సరుకు సాలూరు దాటగానే సుంకి ఘాట్ రోడ్డు మీదుగా కొరాపుట్ పీఠభూమికి ఎక్కి, అక్కడి నుండి జగదల్‌పూర్ చేరవలసి ఉంటుంది. ఇబ్రహీంపట్నం నుండి కొత్తగూడెం, భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారిలో దర్భా ఘాటీ ఉన్నది. తెలుగు నేలకూ బస్తర్‌కూ మధ్య సరుకు రవాణాకు ఈ రెండు మార్గాలూ ఆధారం.

1968లో ఉత్పత్తి మొదలైన బైలాడిలా గనుల నుండి ఇనుప ఖనిజం అధిక భాగం రైలు మార్గంలో విశాఖ వైపు వెళ్తున్నది. కొంత భాగం రాయపూర్ పరిసరాల్లోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాలకు లారీలపై కూడా పోతున్నది. దీనికి తోడు ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యం గల నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. బరువు బండ్ల సంచారానికి ఇక్కడ కొదవలేదు. ఖనిజంతో రాయపూర్ వైపు పోయే లారీ కేశ్‌కాల్‌లో నిండు బరువుతో కిందికి దిగుతుండగా, సిమెంటు, బియ్యం వంటి సరుకుతో ఎదురు వచ్చే లారీ నిండు బరువుతో పైకి ఎక్కుతూ ఉంటుంది. ఎక్కే బండికి ఆగిన చోట నుండి మళ్లీ కదలడానికి క్లచ్ కావాలి. దిగే బండికి గేరు మార్చి ఇంజన్‌తోనే వేగాన్ని అదుపు చేసుకోవడానికి క్లచ్ కావాలి. దిగే దారిలో క్లచ్ విడవక గేరు పడకపోతే బరువంతా బ్రేకులపైనే పడుతుంది. ఇరుకైన మలుపులో ఒక్క లారీ నిలిచిపోతే రెండు వైపులా వాహనాలు బారులు తీరుతాయి.

చప్పుడు ఎక్కడ నుండి వస్తుంది?

ఇంజన్ శక్తి నిరంతర ధారగా రాదు; దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టు తిరిగే సరికి రెండు సార్లు, ఆరు సిలిండర్ల ఇంజన్ మూడు సార్లు ఇంధనం మండుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లతో నిలకడగా తిరుగుతున్నప్పుడు సెకనుకు సుమారు 27 దెబ్బలు క్రాంక్‌షాఫ్టుకు తగులుతాయి. దాని చివర బిగించిన బరువైన ఇనుప చక్రమే ఫ్లైవీల్. దెబ్బ పడినప్పుడు శక్తిని దాచుకొని, దెబ్బకూ దెబ్బకూ మధ్య తిరిగి ఇవ్వడం దాని పని. ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య నలిగేది క్లచ్ ప్లేటు. దాని నడుమ వలయంగా అమర్చిన చిన్న స్ప్రింగులు మిగిలిన కుదుపును పీల్చుకుంటాయి.

ఈ రెండింటినీ దాటి పోయిన కుదుపు గేర్‌బాక్సును చేరుతుంది. అక్కడ బరువు మోయకుండా ఊరికే తిరిగే గేర్ల పళ్ల మధ్య సన్నని సందు ఉంటుంది. కుదుపు వచ్చినప్పుడల్లా పళ్లు ఒకదానినొకటి తాకి గలగల శబ్దం వెలువడుతుంది. అందువల్ల చప్పుడు గేర్‌బాక్సులో వినిపించినా దాని మూలం క్లచ్ ఎంపికలో ఉండవచ్చునన్నది గమనార్హం.

ఈ సమస్యకు జర్మనీకి చెందిన లూక్ సంస్థ 1985లో రెండు ముక్కల ఫ్లైవీల్‌ను పెద్ద ఎత్తున ఉత్పత్తి చేసి పరిష్కారం చూపింది. ఇందులో ఒక చక్రం ఇంజన్ వైపు, మరొకటి గేర్‌బాక్సు వైపు ఉంటాయి. రెండింటి మధ్య పొడవైన వంపు స్ప్రింగులు ఉంటాయి. ఇంజన్ ఎంత కుదిపినా రెండవ చక్రం దాదాపు నిలకడగా తిరుగుతుంది. నేడు అనేక డీజిల్ కార్లలో, ఎస్‌యూవీలలో ఇదే ఉన్నది. అయితే దీని ధర ఎక్కువ. స్ప్రింగులు అలసిపోయినప్పుడు సాధారణంగా మొత్తం మార్చవలసిందే.

స్పోర్ట్స్ కారు చెప్పే పాఠం

స్పోర్ట్స్ కార్ల యజమానులలో కొందరు ఈ రెండు ముక్కల ఫ్లైవీల్ తీసివేసి, తేలికపాటి ఒకే ముక్క ఫ్లైవీల్ బిగించుకుంటారు. బరువు తగ్గితే ఇంజన్ వేగం త్వరగా పెరుగుతుంది, త్వరగా తగ్గుతుంది. పందెపు బాటకు అది లాభమే. 1990వ దశకం ఆరంభంలో పోర్షె సంస్థ 911 నమూనాలో ఆర్.ఎస్. రకానికి ఇటువంటి తేలికపాటి ఫ్లైవీల్‌నే అమర్చింది. కారు నిలిచి ఉన్నప్పుడు గేర్‌బాక్సు గలగలమనడం దానికి చెల్లించిన మూల్యం. ఆ కారు కొన్నవారు తెలిసి కొన్నారు కనుక ఫిర్యాదుకు తావు లేదు.

ఇక్కడ చిక్కేమంటే, అదే మార్పును ఖర్చు తగ్గించుకోవడానికి మామూలు డీజిల్ వాహనాలకు కూడా చేస్తుండడం. రెండు ముక్కల ఫ్లైవీల్ ఉన్న అనేక వాహనాల్లో క్లచ్ ప్లేటుకు స్ప్రింగులు ఉండవు. ఆ పని ఫ్లైవీలే చేస్తుంది. ఒకే ముక్క ఫ్లైవీల్‌కు మారినప్పుడు ఎక్కువ కదలిక గల స్ప్రింగులున్న ప్లేటును కూడా దానితో పాటే బిగించాలి. ఫ్లైవీల్ మాత్రమే మార్చి, పాత రకం ప్లేటునే ఉంచితే కుదుపును పీల్చుకునేది ఏదీ మిగలదు. ఆ దెబ్బ నేరుగా గేర్లకు, బేరింగులకు తగులుతుంది. కొన్ననాడు మిగిలిన సొమ్ము గేర్‌బాక్సు విప్పిననాడు పోతుంది.

భారీ లారీలలో ఎక్కువగా ఉండేది ఒకే ముక్క ఫ్లైవీలే. వీటి విషయంలో తేలికపాటి ఫ్లైవీల్ ఆలోచనే పనికిరాదు. బరువు తగ్గితే దాచుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఎత్తులో బండి కదిలించే క్షణంలో ఇంజన్ ఆగిపోతుంది. డ్రైవరు దానిని తప్పించడానికి ఇంజన్ వేగం పెంచి, క్లచ్‌ను మరింతసేపు జార్చవలసి వస్తుంది.

సగం నొక్కిన క్లచ్ ఖరీదు

ఈ జార్చడం ఎంత వేడి పుట్టిస్తుందో ఒక లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. మొత్తం 25 టన్నుల బరువున్న లారీ సమతలంపై మొదటి గేరులో గంటకు 7 కిలోమీటర్ల వేగం అందుకునే సరికి క్లచ్‌లో సుమారు 50 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే లారీని 20 అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే వాలుపై, బ్రేకు వేయకుండా, 10 సెకన్ల పాటు సగం నొక్కిన క్లచ్‌తో నిలబెడితే పుట్టే వేడి సుమారు 245 కిలోజౌళ్లు. అనగా సమతలంపై ఐదు సార్లు బండి కదిలించినంత వేడి, బండి అంగుళమైనా కదలకుండానే పుడుతుంది. ఆ వేడి అంతా 10 కిలోల ఇనుములో చేరిందనుకుంటే దాని ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. వాహనాల బారులో పదే పదే ఇలా చేసినప్పుడు ఫ్లైవీల్‌పై నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఏర్పడతాయి. మచ్చ పడిన చోట పట్టు ఒక తీరుగా, మిగిలిన చోట మరొక తీరుగా ఉండడం వల్ల బండి కదిలేటప్పుడు వణుకుతుంది. వాలుపై హ్యాండ్ బ్రేకు వేసి నిలపడం, దానిని వదులుతూ క్లచ్ ఒకేసారి పూర్తిగా పట్టించడం డబ్బు ఖర్చు లేని మందు.

ఏది ఎంచుకోవాలి?

బజారులో దొరికే క్లచ్ ప్లేటు పూతలు ప్రధానంగా రెండు రకాలు. నార, రెసిన్ కలిపి చేసే మామూలు పూత మెత్తగా పట్టుకుంటుంది. వణుకు, చప్పుడు తక్కువ. అయితే మితిమీరిన వేడికి మాడిపోతుంది. లోహపు పొడి, సిరామిక్ కలిపి చేసే బిళ్లల రకం వేడిని తట్టుకుంటుంది, ఎక్కువ బరువు లాగుతుంది. అయితే అది ఒక్కసారిగా పట్టుకొని బండిని కుదుపుతుంది, ఫ్లైవీల్ ముఖాన్ని త్వరగా అరగదీస్తుంది. ఎక్కువ పట్టు అంటే ఎక్కువ మేలు అన్న అభిప్రాయం ఇక్కడ పొరపాటు. లారీ తయారీదారు ఏ రకాన్ని నిర్ణయించారో ఆ రకాన్నే, అదే కొలతలో, అదే స్ప్రింగులతో తీసుకోవడం క్షేమం. గట్టి పట్టు కోసం బిళ్లల రకమే కావాలనుకునేవారు కూడా నడుమ స్ప్రింగులున్న ప్లేటునే ఎంచుకోవాలి.

కంపెనీ ముద్రతో వచ్చే సామాను ఒక్కటే మార్గం కాదు. గుజరాత్‌లోని కలోల్‌లో లైప్ పేరుతో క్లచ్‌లు చేసే సెట్కో వంటి సంస్థలు లారీ తయారీదారులకూ, బయటి బజారుకూ కూడా సరఫరా చేస్తున్నాయి. ఇటువంటి తయారీదారుని సామాను నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొన్నప్పుడు నాణ్యత తగ్గకుండానే ధర కలిసి వచ్చే అవకాశం ఉంటుంది. జాగ్రత్త పడవలసింది అవే డబ్బాలను అనుకరించే నకిలీ సామాను విషయంలో. వీటిలో పైకి కనిపించే పూత బాగానే ఉంటుంది. మోసం సాధారణంగా కంటికి తెలియని స్ప్రింగుల ఉక్కులో, రివిట్లలో ఉంటుంది. కొత్త ప్లేటు చేతిలో ఆడించినప్పుడు స్ప్రింగులు వాటి గూళ్లలో వదులుగా గలగలలాడితే దానిని తిరిగి ఇచ్చివేయడం మంచిది.

పన్ను విషయంలో కొంత ఊరట లభించింది. 2025 సెప్టెంబరు 22 నుండి వాహనాల విడిభాగాలన్నింటిపై జీఎస్టీ 18 శాతంగా ఉన్నది. అంతకు ముందు అనేక విడిభాగాలపై ఇది 28 శాతం. పన్ను కలపక ముందు 10 వేల రూపాయల ధర గల సామానుపై ఆ మేరకు వెయ్యి రూపాయల భారం తగ్గినట్లే. బిల్లు లేకుండా కొంటే పన్ను మిగులుతుందన్న ఆకర్షణ కూడా ఆ మేరకు సన్నగిల్లింది. బిల్లు లేని సామాను పాడైతే అడిగే హక్కుకు ఆధారం లేకుండా పోతుంది.

మెకానిక్కును అడగవలసినవి

క్లచ్ మార్చడంలో అధిక శ్రమ గేర్‌బాక్సు దించి ఎక్కించడంలోనే ఉన్నది. కాబట్టి ప్లేటు ఒక్కటే మార్చి ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు పాతవే ఉంచడం పొదుపు కాదు. మూడింటినీ ఒకే తయారీదారుని సెట్టుగా మార్చి, ఫ్లైవీల్ మధ్యనుండే చిన్న బేరింగునూ, నూనె కారకుండా ఆపే సీలునూ పరీక్షించాలి. పూతపై నూనె చుక్క పడితే ఎంత మంచి క్లచ్ అయినా వణుకుతుంది. ఒకే ముక్క ఫ్లైవీల్‌పై మచ్చలుంటే తయారీదారు అనుమతించిన మందం వరకే లేతు మీద చదును చేయించవచ్చు. పగుళ్లు లోతుగా ఉంటే మార్చవలసిందే. రెండు ముక్కల ఫ్లైవీల్‌ను మాత్రం లేతుకు ఎక్కించరాదు. పాత క్లచ్‌లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతుంది.

చప్పుడును బట్టి లోపాన్ని కొంత వరకు పోల్చుకోవచ్చు. పెడల్ నొక్కినప్పుడు మాత్రమే కూత వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. బండి న్యూట్రల్‌లో ఉండగా గలగలలాడి, పెడల్ నొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్సు లోపలి పళ్ల చప్పుడు గాని, ముందు బేరింగుది గాని అయి ఉంటుంది. ఇంజన్ ఆపేటప్పుడు, మొదలుపెట్టేటప్పుడు ఢక్కుమంటే రెండు ముక్కల ఫ్లైవీల్ స్ప్రింగులు అలసినట్లు భావించాలి.

చవక క్లచ్‌కూ మంచి క్లచ్‌కూ మధ్య ధరలో తేడా దుకాణంలోనే తెలుస్తుంది. కేశ్‌కాల్ మలుపులో బండి నిలిచిపోయిన రోజున పోయే కిరాయి, పైకి ఎక్కి వచ్చే మెకానిక్కు కూలి, గడువు తప్పిన వాయిదా మాత్రం ఆ ధరలో కనిపించవు. కొత్త క్లచ్ బిగించిన తర్వాత బరువు ఎక్కించక ముందే బండిని న్యూట్రల్‌లో ఉంచి, పెడల్ వదిలి ఒక నిమిషం, నొక్కి పట్టి కొద్దిసేపు చెవి పెట్టి వినడం యజమాని తప్పనిసరిగా చేయవలసిన చివరి పరీక్ష. తేడా వినిపిస్తే అక్కడికక్కడే సరిచేయించుకోవాలి.