పలకమీద రెండు భాషలు

తెల్లవారగానే గోదావరి డెల్టాలోని కాలువగట్ల వెంట ఆటోలు బయలుదేరుతాయి. మెడలో టై, కాళ్ళకు బూట్లు, వీపున సంచితో మూడు నాలుగేళ్ళ పిల్లలు వాటిలో కిక్కిరిసి కూర్చొని భీమవరం, తణుకు, అమలాపురం వంటి పట్టణాల్లోని ‘కాన్వెంట్ల’కు వెళ్తుంటారు. క్రైస్తవ సన్న్యాసినుల మఠానికి చెందిన ఈ మాట, ఇంగ్లీషు నేర్పే ప్రతి చిన్న బడికీ తెలుగునాట ఏనాడో పేరైపోయింది.

పిల్లల చదువు కోసం డబ్బు వెచ్చించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, పొలాలకు నీరందిన ఆ దశాబ్దంలోనే ఇక్కడ సబ్ కలెక్టరుగా పనిచేసిన జి.ఎన్.టేలర్ ప్రోత్సాహంతో రైతులు శిస్తుతోపాటు కొంత సొమ్ము చెల్లించి గ్రామాల్లో బడులు పెట్టించుకున్నారు. ఆ వసూలుకు చట్టబద్ధత కల్పించడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యాచట్టం చేసింది. ఆ పల్లెబడులలో పిల్లవాడు దిద్దినవి తెలుగు అక్షరాలే. నేడు అవే గ్రామాలలో కౌలురైతు, కూలిపనికి వెళ్ళే తల్లి, గల్ఫు దేశంలో ఇంటిపని చేసి డబ్బు పంపే స్త్రీ తమ సంపాదనలో పెద్దభాగాన్ని ఇంగ్లీషు బడికి చెల్లిస్తున్నారు. తమకు అందని ఉద్యోగం బిడ్డకు అందాలన్నదే వారి ఆశ. దానిని వ్యామోహమని తీసిపారేయడం తగదు.

అయితే పసివాడు పరభాషను ఎలా నేర్చుకుంటాడన్నది వేరే ప్రశ్న. తెలుగులో ‘క’ అనే అక్షరానికి పేరూ, ధ్వనీ ఒకటే. ఇంగ్లీషులో ‘సి’ అనే అక్షరం ‘క్యాట్’లో ఒక విధంగా, ‘సిటీ’లో మరొక విధంగా పలుకుతుంది. ‘బట్’, ‘పుట్’ అనే మాటల నడుమ ఉన్న అక్షరం ఒక్కటే, పలుకులే వేరు. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కనుకనే బస్ బస్సయింది, పెన్ పెన్నయింది. తెలుగువాక్యం చివర నిలిచే క్రియ ఇంగ్లీషులో మధ్యకు వస్తుంది. ఇవేవీ పిల్లలు దాటలేని అడ్డంకులు కావు. చెవికి చక్కని ఉచ్చారణ తరచుగా వినబడితే పెద్దలకంటె వారే దానిని బాగా పట్టుకుంటారు. కానీ వినిపించే ఉపాధ్యాయురాలికి ఆ భాష వచ్చి ఉండాలి. ఆమెకూ రానప్పుడు మిగిలేది కంఠస్థమే.

పాఠ్యవస్తువు కూడా ఆలోచించదగినది. కొబ్బరి, అరటి, పనస చెట్ల నడుమ పెరిగే కోనసీమ బిడ్డకు మొదటి ఇంగ్లీషు పాఠంగా ఆపిల్ పండు ఎదురవుతుంది. వానకోసం ఎదురుచూసే సేద్యగాళ్ళ పిల్లలు వానను మరొకనాడు రమ్మని సాగనంపే పాటను చేతులూపుతూ పాడుతారు! అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ రూపొందించిన పద్ధతిలో ‘రా’, ‘కూర్చో’, ‘గెంతు’ వంటి మాటలు విని పిల్లలు ఆ పనులు చేస్తారు. మాట్లాడమని వారిని తొందరపెట్టరు. ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. అంగన్‌వాడీ వాకిలి చాలు.

ఇంగ్లీషువారి పాలన ఎరుగని జపాన్‌లోనూ తల్లిదండ్రులకు ఈ భాషపై మక్కువ ఉంది. అక్కడి ప్రభుత్వం శిశుపాఠశాలలకు నిర్దేశించిన ప్రణాళికలో ఇంగ్లీషు పాఠ్యాంశంగా లేకపోయినా, అనేక ప్రైవేటు బడులు పాటలతో, బొమ్మల అట్టలతో, ఆటలతో దానిని పరిచయం చేస్తాయి. ప్రాథమిక పాఠశాలలో 2011 నుండి అయిదో తరగతిలోను, 2020 నుండి మూడో తరగతిలోను విదేశీభాషా కార్యక్రమాలు మొదలయ్యాయి. తక్కిన చదువంతా జపనీసు భాషలోనే సాగుతుంది. ఇంగ్లీషును నేర్పడం ఒకటి, సమస్తమూ ఇంగ్లీషులోనే నేర్పడం మరొకటి. మన వాదోపవాదాలలో ఈ రెండూ తరచుగా కలగలిసిపోతాయి.

ఆ కలగలుపు భారం పిల్లలమీద పడుతుంది. కడుపునొప్పి వచ్చిందని చెప్పడానికి మాట తెలియక, తెలిసిన మాట పలకడానికి భయపడి మౌనంగా కూర్చునే బిడ్డ పరిస్థితి ఊహించదగినదే. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక పాఠశాలలో, ఇక తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలను పిల్లల మెడలో వేలాడదీసిన సంఘటన తీవ్ర నిరసనకు గురయింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బడులలో ఒకటో తరగతి నుండే ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వులు జారీచేసింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. మాతృభాషలో బోధనను సమర్థించేవారు ఆ తీర్పును హర్షించారు. కాన్వెంటు రుసుము కట్టలేని పేదల బిడ్డలకే ఇంగ్లీషు ఎందుకు అందరాదని మరికొందరు అడిగారు. రెండవ ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు. అదే ఏడాది ప్రాథమిక తరగతులకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వెలువడ్డాయి. ఒక పుటలో ఇంగ్లీషు పాఠం, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. సాయంత్రం పనినుండి వచ్చి బిడ్డను చదివించడానికి కూర్చునే తల్లికి తెలుగు మాత్రమే వచ్చినా, తెరచిన పుస్తకంలో ఆమె చదవగలిగిన పుట ఒకటి ఉంటుంది.