ప్రింటరు మొండికేసినప్పుడు...

ముంబయిలోని కామాటిపురకు ఆ పేరు తెలుగు నేల నుండి కూలిపనులకు తరలివెళ్లిన కామాటీల వల్ల వచ్చింది. ధారావిలోనూ తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడ పునరభివృద్ధి సర్వే 2024లో ప్రారంభమైంది. 2000 జనవరి 1కి ముందు నుండి నివసిస్తున్నట్లు రుజువు చూపే పాత కాగితాలకు విలువ పెరిగింది. స్వగ్రామం నుండి బంధువులు స్కాన్ చేసి పంపిన పత్రం తెరపై కనబడుతున్నా, ప్రింటరు కదలకపోతే ఆందోళన సహజమే.

ప్రింట్ మీట నొక్కగానే పత్రం నేరుగా ప్రింటరుకు చేరదు. విండోస్‌లోని 'ప్రింట్ స్పూలర్' దాని నకలును డిస్కులో ఉంచి, వరుసలో పంపుతుంది. చాల్ కుళాయి వద్ద మొదటి బిందె అడ్డుపడితే వెనుకవన్నీ ఆగినట్లే, మొదటి పత్రం చెడితే మిగిలినవీ నిలిచిపోతాయి. పదేపదే ప్రింట్ నొక్కితే వరుస పెరుగుతుందే గాని పని జరగదు.

మొదట కాగితం, కేబులు సరిచూడాలి. ప్రింటరు వరుసలోని పత్రాలను రద్దు చేయాలి. అవి పోకుంటే ప్రింటరును ఆపి, 'సర్వీసెస్'లో ప్రింట్ స్పూలర్‌ను నిలిపివేయాలి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, స్పూల్ ఫోల్డర్ల మీదుగా 'ప్రింటర్స్' తెరచి, అందులోని ఫైళ్లను మాత్రమే తొలగించాలి, ఫోల్డరును తొలగించరాదు. పిదప స్పూలర్‌ను, ప్రింటరును తిరిగి ప్రారంభించి, ఒక్కసారే ప్రింట్ ఇవ్వాలి.

భయపడనక్కరలేదు. తొలగిపోయేది తాత్కాలిక నకలే. విడిగా భద్రపరచిన అసలు ఫైలు చెక్కుచెదరదు.