అవ్వ నడుగుడు

దిల్‌సుఖ్‌నగరు, ఎల్‌.బి.నగరు ఇండ్లలో నల్లగొండ పల్లెలనుండి వచ్చిన వృద్ధులెందరో కలరు. వారి మనుమలు పుస్తకము చూచి బతుకమ్మను గూర్చి వ్యాసము వ్రాయుదురు. ఇంటనున్న అవ్వ నడుగరు! అడుగుట బడిలో నేర్పవలసిన విద్యయే. "మన సంస్కృతి యేమి?" యనిన ఏ యవ్వ చెప్పగలదు? గునుగుపూలు ఎచ్చట కోసెడిదానవు, బతుకమ్మను ఏ చెరువున విడిచెడిదానవు, ఊరు విడిచి ఏల వచ్చితిరి అని యడిగింపవలెను. ఆమె పలుకును పుస్తకభాషకు దిద్దరాదు (గ్రాంథికము వ్రాయు మేమే యీ మాట యనుచున్నాము). చెప్పినది చెప్పినట్లు వ్రాసి, చదివి వినిపించి, ఆమె వలదన్నదానిని కొట్టివేయవలెను.

బిరుదురాజు రామరాజుగారు జనుల నోటిపాటలనే సేకరించి ఉస్మానియాలో పరిశోధించిరి. 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' వెలువడెను. ఆనాడు పాడినవారిలో నేడెందరున్నారు? ఉపాధ్యాయులారా, సద్దుల బతుకమ్మనాడు అవ్వలకు తీరిక యుండదు. మరునాడు పిల్లలను వారికడ కూర్చుండబెట్టుడు.